సంపులో ఏముంది? మా అపార్ట్‌మెంట్ నీళ్ళ మీద కోలిఫాం పరీక్షల డైరీ

జులై మొదటి వారం

నల్లకుంటలో మాది పాత అపార్ట్‌మెంట్. జలమండలి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ నీళ్ళు సెల్లార్‌లోని సంపులో పడతాయి. చాలనప్పుడు బోరు కూడా అదే సంపులోకి వదులుతారు. అక్కణ్ణుంచి మోటరు డాబా మీది రెండు ట్యాంకులకు ఎక్కిస్తుంది, ట్యాంకుల నుంచి కుళాయిలకు దిగుతాయి. వానలు మొదలయ్యాయో లేదో, కొన్ని ఇళ్ళలో పిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకున్నాయి. వాట్సాప్ గ్రూపులో యుద్ధం మొదలైంది. నల్లా నీళ్ళే పాడని ఒకరు, ట్యాంకులు కడిగి ఎన్నాళ్ళయిందో చెప్పమని ఇంకొకరు, బోరు మూసెయ్యమని మరొకరు. ఎవరి దగ్గరా ఒక్క అంకె లేదు.

నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, పెళ్ళయ్యాక కూడా కొన్నేళ్ళు ఒక డెయిరీ క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను. అందుకని సెక్రటరీ గారు నా తలుపు తట్టారు. "అమ్మా, నీళ్ళు మంచివా కావా, ఒక్క ముక్కలో చెప్పండి చాలు" అన్నారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఒక శాంపిల్ ల్యాబుకు పంపితే సరిపోతుంది. కానీ వంటింటి కుళాయి నీళ్ళు పాడయ్యాయని తేలినంత మాత్రాన అవి ఎక్కడ పాడయ్యాయో తెలియదు. నాకు కావలసింది అదీ. కాబట్టి నల్లా మీటరు, బోరు, సంపు, ట్యాంకు, కుళాయి అని ఐదు చోట్లా ఒకే రోజు నీళ్ళు పట్టి, పక్కపక్కన పరీక్షించాలని నిర్ణయించుకున్నాను.

వెతికేది కోలిఫాం అనే గుంపు బ్యాక్టీరియాను, ఈ.కోలై ఆ గుంపులోదే. విరేచనాలు తెచ్చే ప్రతి క్రిమినీ విడివిడిగా వెతకడం ఎవరివల్లా కాదు. వైరస్‌లయితే ఈ పద్ధతులకు దొరకనే దొరకవు. అదే మనిషి, పశువుల పేగుల్లో కోట్లకొద్దీ ఉండే ఈ.కోలై నీళ్ళలో కనబడితే మలం కలిసే దారి ఒకటి తెరిచి ఉన్నట్టే. ఆ దారిలో ఇంకేమైనా రావచ్చు. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 కూడా ఇదే లెక్కన 100 మిల్లీలీటర్లలో కోలిఫాం ఒక్కటీ కనబడకూడదంటుంది.

సామాను

కోఠిలో ల్యాబ్ సామాన్ల దుకాణం నుంచి టెస్ట్ ట్యూబులు, డర్హమ్ ట్యూబులు, గాజు పిపెట్లు, హైమీడియా వాళ్ళ మెకాంకీ బ్రాత్, మెకాంకీ అగార్ డబ్బాలు తెచ్చాను. బ్యాక్టీరియాను పెంచే మీడియా అంటే ఇవే, బ్రాత్ ద్రవంగా ఉంటుంది, అగార్ గడ్డకడుతుంది. వానాకాలంలో ఈ పొడి డబ్బా మూత ఐదు నిమిషాలు తెరిచి ఉంచినా గడ్డ కట్టడం మొదలెడుతుంది. తూకం వెయ్యడం, మూత బిగించడం ఒకే ఊపులో అయిపోవాలి.

ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ బదులు కొత్తగా కొన్న ప్రెషర్ కుక్కర్. "వంట కుక్కర్లో పురుగుల్ని ఉడకబెడతావా ఏమిటే?" అని అత్తయ్య ముందే అడిగారు కాబట్టి దాని మీద ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టి స్టోర్ రూములో ఉంచాను. ల్యాబులో 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర 121 డిగ్రీలు, 15 నిమిషాలు అని అందరం బట్టీ పట్టిందే. అది సముద్రమట్టం లెక్క. హైదరాబాదు దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ మామూలు గిన్నెలో నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. కుక్కర్ వెయిటు పెంచేది బయటి గాలి ఒత్తిడికి పైన కాబట్టి, లోపల వేడి 119–120 చుట్టుపక్కలే ఆగుతుంది. అందుకే 20 నిమిషాలు ఉంచుతున్నాను. ట్యూబుల కట్టకు చుట్టిన ఆటోక్లేవ్ టేపు మీద చారలు నల్లగా మారితే వేడి తగిలిందని అర్థం. అంతకన్నా ఎక్కువసేపు ఉంచినా మంచిది కాదు, బ్రాత్‌లోని లాక్టోజ్ విరిగిపోయి పరీక్షకు ముందే రంగు మారుతుంది.

ఇంక్యుబేటర్ అంటే చేపల దుకాణంలో దొరికిన థర్మోకోల్ పెట్టె, 40 వాట్ల బల్బు, కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను, గుజరాతీ గల్లీలో కొన్న డిజిటల్ థర్మోస్టాట్. 35 డిగ్రీలకు పెట్టాను. థర్మోస్టాట్ చూపే అంకెను నమ్మకుండా లోపల నీళ్ళ సీసాలో పాదరసం థర్మామీటరు ముంచి సరిచూసుకుంటున్నాను. ఇదే పని మే నెలలో పెట్టుకుంటే బల్బు అక్కర్లేదు సరికదా, పెట్టెను చల్లబరచడానికి దారి వెతకాల్సి వచ్చేది!

ఒక నియమం పెట్టుకున్నాను. పెరిగిన ట్యూబుల మూత ఇంట్లో తియ్యకూడదు. మూత తీసి చేసే పనులన్నీ నాచారంలో ఒక ల్యాబులో పనిచేసే నా స్నేహితురాలి దగ్గరే. ఇంట్లో జరిగేది మొదటి అంచె మాత్రమే. అయిపోయిన ట్యూబులు, ప్లేట్లు మళ్ళీ ఎర్ర గుర్తు కుక్కర్లో ఉడికాకే బయటికి పోతాయి.

మీడియా పనిచేస్తోందా? పెరుగుతో పరీక్ష

మెకాంకీ అగార్ కరిగించి పోస్తే ముదురు ద్రాక్ష రంగులో గడ్డకడుతుంది. ఇందులో ఉన్న తెలివంతా మూడు నాలుగు దినుసులది. పైత్యరసం నుంచి తీసిన బైల్ సాల్టులు, క్రిస్టల్ వయొలెట్ కలిసి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను (గ్రామ్ అనే రంగు పరీక్షలో ఊదా రంగును నిలుపుకునేవి, నిలుపుకోనివి గ్రామ్ నెగటివ్) తొక్కేస్తాయి. పేగుల్లో పైత్యరసానికి అలవాటుపడ్డ గ్రామ్ నెగటివ్‌లకు ఆ బాధ లేదు. అలా బతికినవాటిలో లాక్టోజ్ తినగలిగినవి ఆమ్లం వదులుతాయి, న్యూట్రల్ రెడ్ ఆ ఆమ్లంలో గులాబీ రంగుకు తిరుగుతుంది. తినలేనివి రంగు లేకుండా పెరుగుతాయి. అంటే వడపోత ఒకటి, గుర్తింపు ఒకటి, రెండూ ఒకే ప్లేటులో.

దీన్ని తయారుచేసిన ఆల్ఫ్రెడ్ మెకాంకీ ఇంగ్లండులో మురుగునీటి పారవేత మీద వేసిన రాయల్ కమిషన్ కోసం లివర్‌పూల్‌లో పనిచేసేవాడు. అంటే ఇది పుట్టిందే మురుగులోంచి. మొదట్లో సూచికగా లిట్మస్ వాడారు, న్యూట్రల్ రెడ్ తర్వాత వచ్చి చేరింది. లాక్టోజ్ తినే మలబ్యాక్టీరియా మీద ఆయన పేపరు 1905 నాటిది. నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ డబ్బా కోఠి దుకాణంలో అడగ్గానే దొరుకుతోంది.

వడపోత నిజంగా జరుగుతోందో లేదో చూడ్డానికి ఇంట్లోనే మంచి సరుకుంది. పెరుగు. పెరుగు తోడుకునేదే లాక్టోజ్ తినే బ్యాక్టీరియా వల్ల. రంగు ఒక్కటే ప్రమాణమైతే పెరుగు గీసిన ప్లేటు గులాబీ అయిపోవాలి. కానీ అవి గ్రామ్ పాజిటివ్‌లు. ఒక లూపు (కొసన ఉంగరం ఉన్న సన్న తీగ) పెరుగును మెకాంకీ మీద, ఇంకో లూపును పాలపొడి కలిపిన మామూలు అగార్ మీద గీశాను. మర్నాటికి పాలపొడి ప్లేటు నిండా ఆవగింజలో సగం ఉండే తెల్ల చుక్కలు. మెకాంకీ మీద ఏమీ లేదు, గీసిన గీతలు మాత్రం గాజు మీద గోటి గీరల్లా కనబడుతున్నాయి. అత్తయ్యకు చూపిస్తే, "అంటే మన పెరుగు శుభ్రమేనన్నమాట" అని తృప్తిగా వెళ్ళిపోయారు. నేను చూసింది మీడియా సంగతి, ఆవిడ చూసింది తన పెరుగు సంగతి!

రెండో వైపు సరిచూడ్డానికి మోరీ నీళ్ళను బాగా పలచన చేసి ఒక ప్లేటు, కుక్కర్లో కాచి చల్లార్చిన నీళ్ళతో ఒక ప్లేటు. మొదటిది గులాబీ, రెండోది ఖాళీ. ఈ మూడూ సరిగా వచ్చాకే అసలు శాంపిళ్ళ జోలికి వెళ్ళాను.

ప్లేటు ఎందుకు చాలదు

గ్రూపులో ఒకాయన "ప్లేటు మీద మా కుళాయి నీళ్ళు వేసి చూపించండి మేడమ్" అని పట్టుబట్టారు. కావాలంటే వెయ్యొచ్చు, కానీ లెక్క చూడండి. ప్లేటు మీద పరిచేది 0.1 మిల్లీలీటరు. అందులో ఒక్క కాలనీ మొలిస్తే మిల్లీలీటరుకు పది, 100 మిల్లీలీటర్లకు వెయ్యి. ప్రమాణం ఏమో 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండొద్దంటోంది. అంటే 100 మిల్లీలీటర్లలో రెండు మూడొందలున్నా ఈ ప్లేటు ఖాళీగానే కనబడొచ్చు. ఖాళీ ప్లేటు ఫోటో గ్రూపులో పెడితే అందరూ హాయిగా తాగేస్తారు, ప్రమాదం అక్కడుంది.

0.45 మైక్రాన్ల మెంబ్రేన్‌తో 100 మిల్లీలీటర్లనూ వడగట్టి, ఆ మెంబ్రేన్‌ను అగార్ మీద పరిచే పద్ధతి ఒకటుంది. బాగుంటుంది, కానీ వాక్యూమ్ పంపు, ఫిల్టర్ అమరిక ఖరీదు. నేను ఎంచుకున్నది పాత ఎంపీఎన్ (మోస్ట్ ప్రాబబుల్ నంబర్) పద్ధతి. ఐదు ట్యూబుల్లో పదేసి మిల్లీలీటర్లు, ఐదింటిలో ఒక్కొక్క మిల్లీలీటరు, ఐదింటిలో 0.1 చొప్పున నీళ్ళు కలుపుతాం. ఒక్కో ఐదింటిలో ఎన్ని ట్యూబులు మారాయో 0-0-0 లాగా వరసగా రాసుకుని పట్టికలో సంభావ్య సంఖ్య చదువుకుంటాం. 10 మిల్లీలీటర్ల ట్యూబుల్లో బ్రాత్ రెట్టింపు చిక్కగా ఉండాలి, నీళ్ళు కలిశాక మామూలు చిక్కదనానికి రావాలి కదా.

ప్రతి ట్యూబులో తలకిందులుగా ఒక బుల్లి డర్హమ్ ట్యూబు. బ్రాత్ పోసినప్పుడు అందులో గాలి ఇరుక్కుని పైకి తేలుతుంది. చూస్తే ఇది తప్పుడు ఫలితం ఇస్తుందేమో అనిపిస్తుంది. కుక్కర్ వేడికి ఆ గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, చల్లారేటప్పుడు దాని చోట బ్రాత్ ఎక్కుతుంది. మూత తీసేసరికి అన్నీ బుద్ధిగా అడుగున కూర్చుని ఉంటాయి. ఆ తర్వాత లోపల బుడగ కనబడితే అది బ్యాక్టీరియా వదిలిన గ్యాసే. నా బ్రాత్‌లో సూచిక బ్రోమోక్రెసాల్ పర్పుల్, ఆమ్లం పుడితే ఊదా పోయి పసుపు వస్తుంది. పసుపూ గ్యాసూ రెండూ ఉంటేనే లెక్కలోకి.

శాంపిళ్ళు పట్టిన రోజు

నల్లా వచ్చే రోజు తెల్లవారుజామునే మొదలుపెట్టాను. సీసాల్లో ముందే కొంచెం హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, వేసి స్టెరిలైజ్ చేశాను. 120 మిల్లీలీటర్ల సీసాకు 3 శాతం ద్రావణం 0.1 మిల్లీలీటరు చాలు. అది లేకపోతే నల్లా నీళ్ళలోని క్లోరిన్ సీసాలో కూడా తన పని తాను చేసుకుంటూ పోతుంది, ఇంటికి తెచ్చేసరికి ఉన్న బ్యాక్టీరియా కూడా చచ్చి ఫలితం ఉన్నదానికన్నా బాగా కనబడుతుంది.

మీటరు దగ్గరిది ఇత్తడి కుళాయి, స్పిరిట్ దూదితో మంట చూపించాను. వంటింట్లోది ప్లాస్టిక్, దానికి స్పిరిట్‌తో తుడవడమే. రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేశాక పట్టాలి. సీసా మెడలోపలికి వేలు తగలకూడదు, పైన కాస్త ఖాళీ ఉంచాలి. నల్లాది మాత్రం రెండు సీసాలు పట్టాను, నీళ్ళు రావడం మొదలైన వెంటనే ఒకటి, అరగంట తర్వాత ఒకటి. రోజు విడిచి రోజు వచ్చే లైనులో మధ్యలో ఒత్తిడి ఉండదు కాబట్టి ఎక్కడైనా చిల్లి ఉంటే బయటి తడి లోపలికి లాక్కునే వీలుంది, అది ఉంటే మొదటి నీళ్ళలోనే తెలియాలి.

క్లోరిన్ అక్కడికక్కడే చూశాను. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే నల్లా నీళ్ళు నిమ్మపండు రంగుకొచ్చాయి, రంగుల పట్టీతో పోలిస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాము. ఉండాల్సిన కనీసం 0.2, కాబట్టి బాగుంది. సంపులో? రంగే రాలేదు. నిన్నమొన్న నిండిన సంపులో క్లోరిన్ పూర్తిగా మాయమైందంటే దాన్ని ఏదో తినేస్తోంది. ఇంకా ఒక్క ట్యూబూ పసుపు కాకముందే నా అనుమానం అటు తిరిగింది.

24 గంటలు, 48 గంటలు

మర్నాడు ఉదయం పెట్టె మూత తీస్తే సంపు స్టాండులో ముందు వరస అంతా పసుపు. డర్హమ్ ట్యూబుల్లో కొన్నిట్లో గ్యాసు సగం దాకా, కొన్నిట్లో గుండుసూది తలంత బుడగ. నల్లా వరసలు రెండూ ఊదాగానే ఉన్నాయి. బోరులో అప్పటికి ఒక్కటే మారింది.

48 గంటలకు లెక్క తేలింది. నల్లా రెండు సీసాలూ 0-0-0, పట్టిక ప్రకారం 100 మిల్లీలీటర్లకు రెండు కన్నా తక్కువ. బోరు 3-0-0, ఎనిమిది. సంపు 5-5-0, అంటే 240. ట్యాంకు 5-5-3, తొమ్మిది వందల పైన. వంటింటి కుళాయి ఇంచుమించు ట్యాంకు లాగే. ఎంపీఎన్ అంకెల వెనక తేడా పరిధి చాలా పెద్దది, 240కీ 300కీ పోట్లాడుకోనక్కర్లేదు. కానీ సున్నాకీ 240కీ మధ్య పోట్లాటేమీ లేదు.

గ్రూపులో పెట్టగానే నల్లా వర్గం నిశ్శబ్దం. "మరి బోరు?" అని బోరు వ్యతిరేకులు అందుకున్నారు. ఎనిమిది అంటే ప్రమాణం ప్రకారం తప్పే. కానీ ఆ ఎనిమిదీ ఎవరన్నది ఇంకా తెలీదు. క్లెబ్సియెల్లా, ఎంటరోబ్యాక్టర్, సిట్రోబ్యాక్టర్ ఇవన్నీ కోలిఫాంలే, మట్టిలోనూ చెట్ల మీదా కూడా హాయిగా బతికేస్తాయి. కోలిఫాం కనబడగానే మలం కలిసిందని తీర్పు చెప్పేస్తే సగం బోర్లు మూసుకోవాలి.

మధ్యలో సెక్రటరీ గారు ఆన్‌లైన్‌లో హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష) సీసాలు తెప్పించారు. నీళ్ళు పోసి గది వేడిలో ఉంచితే పాడు నీళ్ళయితే నల్లబడతాయి. మన దేశంలోనే రూపొందిన పరీక్ష అది, 1982లో ప్రచురితమైంది. పల్లెల్లో ఇంక్యుబేటర్ లేనిచోట చాలా పనికొస్తుంది. సంపు సీసా నల్లబడింది. అయితే ఈ.కోలై స్వయంగా హైడ్రోజన్ సల్ఫైడ్ ఇవ్వదు, ఆ నలుపు పేగుల్లో దానితోపాటు ఉండే ఇతర బ్యాక్టీరియాది. తొందరగా హెచ్చరించడానికి బాగానే ఉంటుంది, ఎక్కడ ఎంత అని అడిగితే చెప్పలేదు.

నాచారం ల్యాబులో

పసుపెక్కిన ట్యూబుల్ని స్కూటర్ డిక్కీలో ఐస్‌బాక్సులో సర్ది స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. రామంతాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ, ఎవరైనా పోలీసు ఆపి డిక్కీ తెరవమంటే ఏం చెప్పాలా అని టెన్షన్.

ప్రతి పాజిటివ్ ట్యూబు నుంచి ఒక్కో లూపు, ఈ.కోలైని వెతకడానికి వాడే ఈసీ బ్రాత్‌లోకి మార్చి 44.5 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టాం. అటూ ఇటూ 0.2 కన్నా కదలకూడదు, నా థర్మోకోల్ పెట్టె వల్ల అయ్యే పని కాదది. మట్టిలో బతికే కోలిఫాంలు ఎక్కువభాగం ఆ వేడి దగ్గర చేతులెత్తేస్తాయి. పేగుల వేడికి అలవాటుపడ్డ ఈ.కోలై తట్టుకుని గ్యాసు వదులుతుంది. వేడిని ఇలా జల్లెడగా వాడవచ్చని 1904లో చూపించింది క్రిస్టియాన్ ఐక్‌మన్, విటమిన్ల మీద చేసిన పనికి ఆ తర్వాత 1929లో నోబెల్ అందుకున్నాయన.

మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది. బోరు ట్యూబుల్లో ఒక్కదాంట్లోనూ గ్యాసు లేదు. సంపు, ట్యాంకు ట్యూబుల్లో దాదాపు అన్నిట్లోనూ ఉంది.

ఈఎంబీ ప్లేట్లు చూడ్డానికి మాత్రం స్వయంగా వెళ్ళాను. ఇయోసిన్, మిథిలీన్ బ్లూ అనే రెండు రంగులున్న అగార్ ఇది. ఈ.కోలై ఆమ్లాన్ని ఎంత జోరుగా వదులుతుందంటే ఆ రెండు రంగులూ కలిసి కాలనీ మీదే పేరుకుపోతాయి. ప్లేటును కిటికీ వైపు వంచితే నల్లటి చుక్కల మీద ఆకుపచ్చ లోహపు మెరుపు, అచ్చం జీరంగి రెక్క మీద ఎండ పడినట్టు. కాలేజీలో మొదటిసారి చూసినప్పుడు ఎంత సంబరపడ్డానో ఇప్పుడూ అంతే. ఆ నీళ్ళతోనే నేను పప్పు వండుతున్నానన్న సంగతి కాసేపయ్యాక గుర్తొచ్చింది. బోరు ప్లేటు మీద మెరుపు లేదు, జిగురుగా, ఉబ్బెత్తుగా, మధ్యలో ముదురు చుక్కతో గులాబీ కాలనీలు. చూపుకు క్లెబ్సియెల్లా, ఎంటరోబ్యాక్టర్ల తరహా.

మెరుపు ఒక్కదాన్నే నమ్మలేదు. ట్రిప్టోన్ నీళ్ళలో పెంచి కోవాక్స్ రీఏజెంట్ వేస్తే పైన చెర్రీ రంగు ఉంగరం కట్టింది, అంటే ఇండోల్ పాజిటివ్. ఆక్సిడేజ్ నెగటివ్. ఈ.కోలై సాధారణంగా చూపే గుణాలే ఈ రెండూ. ఈ ఆక్సిడేజ్ పరీక్షను చాలామంది వదిలేస్తారు. నీళ్ళలో మామూలుగా ఉండే ఏరోమొనాస్ కొన్నిసార్లు లాక్టోజ్ తిని కోలిఫాం వేషం వేస్తుంది, ఆక్సిడేజ్ పాజిటివ్ కావడంతో అక్కడ దొరికిపోతుంది.

సంపు

ఇప్పటికి తేలింది ఇది. నల్లా నుంచి మంచి నీళ్ళు వస్తున్నాయి, సంపులో పడ్డాక మలం కలుస్తోంది. బోరు దోషి కాదు. ఇక మీడియాతో పని లేదు, కళ్ళతో పని.

దారి చూపించింది మా వాచ్‌మన్. "మేడమ్, మొన్న వానొచ్చిన రాత్రి నల్లా రాలే, బోరు ఎయ్యలే. అయినా పొద్దుగాల సంపుల నీళ్ళు పెరిగినయ్" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి గమనిస్తున్నావంటే, "శానా రోజులైంది మేడమ్, మంచిగనే అయితుంది కదా, నీళ్ళు ఎక్కువొస్తే మంచిదే కదా అనుకున్న" అన్నాడు. 

మళ్ళీ గట్టి వాన కురిసిన రాత్రి వాల్వులన్నీ కట్టేసి, మోటరు ఆపి, సంపు గోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీయించాను. పొద్దున్నకి గీత మునిగిపోయింది, పైన రెండు వేళ్ళ మందం నీళ్ళు, సుమారు మూడు సెంటీమీటర్లు. సంపు ఎనిమిదడుగులు ఏడడుగులు. లెక్కేస్తే ఒక్క రాత్రిలో 150 లీటర్లు ఎక్కడినుంచో వచ్చి చేరాయి.

సంపు ఖాళీ చేయించి ప్లంబర్ టార్చి పట్టుకుని దిగాడు. డ్రైనేజీ ఛాంబర్ వైపు గోడలో, పాత పైపు ఒకటి లోపలికి వచ్చేచోట సిమెంటు ఊడిపోయి ఉంది. ఆ పైపు చుట్టూ నల్లటి జిగురు, దాని మీంచి సన్నటి ధార. వానకు ఛాంబర్ పొంగినప్పుడల్లా ఆ గోడకు అవతల మురుగు నిలుస్తోంది. ఆ ధార నీళ్ళు సీసాలో పట్టించి, పదింతలు, వందింతలు పలచన చేసి ట్యూబుల్లో పెట్టాను. అన్నీ పసుపు, గ్యాసు కూడా 24 గంటల లోపే. సంపులోకి దిగిన ప్లంబర్ పైకొచ్చాక చేతులు కడుక్కోవడానికి సంపు కుళాయి దగ్గరికే వెళ్తుంటే పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

పాత పైపు కోసేసి, చిల్లి మూసి, వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూసి, ఆరనిచ్చారు. తర్వాత బ్లీచింగ్. పదివేల లీటర్లకు లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 500 గ్రాముల క్లోరిన్, మూడోవంతు క్లోరిన్ ఉండే బ్లీచింగ్ పౌడరైతే కిలోన్నర. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే సంపులో పోయించాను. అందులో కొంత ట్యాంకులకు ఎక్కించి, ప్రతి ఇంట్లో కుళాయి వాసన వచ్చేదాకా తిప్పి కట్టెయ్యమన్నాం. రాత్రంతా ఉంచి పొద్దున అంతా వదిలేశారు. పక్కనే ఉన్న టాయిలెట్ క్లీనర్ సీసా మాత్రం తీయించేశాను, ఆ యాసిడ్ బ్లీచింగ్‌లో పడితే సెల్లార్‌లో ఊపిరాడదు. "ఇంకేం, ఫినిష్" అని సెక్రటరీ గారు గ్రూపులో దండం ఎమోజీ పెట్టారు.

ఆగస్టు, మళ్ళీ పరీక్ష

సంపు 0-0-0. క్లోరిన్ 0.3 నిలబడింది. డాబా మీద తూర్పు ట్యాంకు 0-0-0. పడమటి ట్యాంకు 5-1-0, అంటే 33. రెండు ట్యాంకులకూ నీళ్ళెక్కేది ఒకే సంపు నుంచి, ఒకే మోటరుతో.

పోయినసారి ఒక్క ట్యాంకు నీళ్ళే పట్టాను, అది పడమటిదే. అప్పుడు సంపులో 240 ఉంటే ట్యాంకులో తొమ్మిది వందలెందుకున్నాయో ఇప్పుడర్థమైంది. ఐదు ట్యూబులు 44.5లో కూడా గ్యాసిచ్చాయి, ఈఎంబీ మీద అదే మెరుపు. గ్రూపులో మళ్ళీ గోల. "రిపేరు సరిగా చెయ్యలేదు, ప్లంబర్‌ను పిలవండి" అని.

సంపు సున్నా అయ్యాక ప్లంబర్ చేసేదేముంది? డాబా ఎక్కి చూశాను. పడమటి ట్యాంకు మూత ఎండకు విరిగి సగమే ఉంది, మిగతా సగానికి ఎవరో ఫ్లెక్సీ ముక్క కప్పి రాయి పెట్టారు. రాయి పక్కన, ట్యాంకు అంచు మీద, నీళ్ళలో తేలుతూ పావురాల రెట్టలు, ఈకలు. ఎదురింటి పెద్దాయన రోజూ పొద్దున్నే వాటికి జొన్నలు చల్లుతారు, తిని మా డాబా మీద వాలతాయి.

ఇక్కడ ఈ మీడియా హద్దు కూడా కనబడింది. బైల్ తట్టుకుంటావా, లాక్టోజ్ తింటావా, 44.5లో నిలబడతావా అని అడుగుతూ పోతే ఈ.కోలైదాకా చేరుతాం. ఎవరి పేగుల్లోంచి వచ్చావు అని అడిగే దినుసు ఇందులో లేదు. పావురం ఈ.కోలై, మనిషి ఈ.కోలై ఒకేలా మెరుస్తాయి. సంపులోది మురుగు అని నేను చెప్పగలిగింది చిల్లి కనబడింది కాబట్టి, ట్యాంకులోది పావురం అంటున్నది రెట్టలు కనబడ్డాయి కాబట్టి. ఐదు చోట్ల బదులు కుళాయి దగ్గర ఒక్క శాంపిల్ తీసి ఉంటే ఈ రెండూ కలిసి ఒకే అంకెగా వచ్చేవి. సంపు బాగుచేశాక కూడా కుళాయి పాజిటివ్‌గానే ఉండేది, అప్పుడు బోరు మూసేసి ఉండేవాళ్ళం.

కొత్త మూతకు, ఓవర్‌ఫ్లో పైపుకు జాలీకి డబ్బులు అడిగితే సెక్రటరీ గారు రెండు ట్యాంకులకూ ఎందుకు, పాడైనదానికే వెయ్యండి అన్నారు. తూర్పు ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపులోకి నా చెయ్యి మోచేతిదాకా దూర్చి చూపించాను. రెండిటికీ ఒప్పుకున్నారు.

ఆగస్టు చివర

మూతలు పడ్డాయి. పడమటి ట్యాంకు కడిగి, బ్లీచింగ్ చేశాక పట్టిన శాంపిల్ 0-0-0. కుళాయి కూడా అంతే.

బోరు మాత్రం ఇంకా రెండు మూడు ట్యూబులు పసుపు చూపిస్తూనే ఉంది, 44.5లో ఏమీ లేదు. ప్రమాణం ప్రకారం మొత్తం కోలిఫాం కూడా ఉండకూడదు కాబట్టి, బోరు వదిలిన రోజు సంపులో క్లోరిన్ చూసి, 0.2 కన్నా తగ్గితే కొంచెం హైపోక్లోరైట్ కలపాలని వాచ్‌మన్‌కు నేర్పించాను. చుక్కలు వేసి రంగు పట్టీతో పోల్చడం అతనికి తెగ నచ్చింది. ఇప్పుడు పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా సీసా పట్టుకొస్తున్నాడు.

ఈ వారం పెట్టెలో ఉన్నవి కొన్ని ఇళ్ళలో తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యాన్ల నీళ్ళు. 24 గంటలకు ఒక క్యాను ట్యూబులు పసుపెక్కాయి, డర్హమ్ ట్యూబుల్లో బుడగ లేదు. ఆమ్లం ఉండి గ్యాసు లేకపోతే ఇప్పుడే కోలిఫాం అనలేం. 48 గంటలు రేపు సాయంత్రానికి నిండుతాయి. ఈలోగా ఆ క్యాను ఎవరింటిదో చెప్పమని గ్రూపులో అడుగుతున్నారు, చెప్పలేదు.